స్టేక్‌హోల్డర్ల లిస్టులో లేని పూజారి

పోయిన నెలలో మా ఆఫీసు మిత్రులం పదకొండు మందిమి కలిసి ఒక పని తలపెట్టాం. మా ఊళ్ళో మంచినీళ్ళ ప్లాంటు పెట్టాలని. మాది ప్రకాశం జిల్లాలో ఫ్లోరైడు నీళ్ళ ఊరు. మా తాతయ్య వంగని మోకాళ్ళు, మా వీధి పిల్లల గారపళ్ళు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి ఈ ఆలోచన నాదే. డబ్బులు బాగానే పోగయ్యాయి. మాలో ఒకడి అక్క స్వచ్ఛంద సంస్థలో పని చేస్తుంది. ఖర్చు పెట్టేముందు ఇది నింపండి అని ఒక ఎక్సెల్ ఫైలు పంపించింది. మొదటి షీటు పేరు 'స్టేక్‌హోల్డర్లు'. ఎవరెవరు, వాళ్ళకి ఇందులో లాభమా నష్టమా, వాళ్ళ చేతిలో ఎంత బలముంది, మనకి అనుకూలమా వ్యతిరేకమా... ఇవీ కాలమ్‌లు. రెండో షీట్లో, ఇదే పని మీద ఆ ఊళ్ళో ఇప్పటికే ఎవరెవరు ఏమేం చేస్తున్నారు, ఎప్పట్నించి చేస్తున్నారు అని రాయాలి.

ఎక్సెల్ నింపడం మనకొక లెక్కా? హైదరాబాదులో కుర్చీలోంచి లేవకుండా గంటలో పద్నాలుగు వరసలు నింపేసా. సర్పంచి, కార్యదర్శి, హెడ్మాస్టరు, డ్వాక్రా సంఘం, అంగన్‌వాడీ ఇలా. రెండో షీట్లో 'ఏమీ లేవు' అని ఒకే ఒక్క ముక్క రాసి పంపేసా.

ఆ రాత్రి మాటల్లో మా బాబాయికి ఫోన్లో చెప్తే ఆయన నవ్వాడు. "ఒరే అబ్బాయ్, ఊళ్ళో ఇప్పటికే మూడు ఉండాయి గదరా. అందులో రెండు మూతబడ్డాయి. మీది నాలుగోదా?"

సిగ్గేసింది. ఇరవై ఏళ్ళు అక్కడ పెరిగి, ఏటా సంక్రాంతికి వెళ్ళొస్తూ కూడా నాకు తెలీదు. ఎందుకంటే పండక్కి వెళ్ళినప్పుడు మా పిన్ని నాకు ఫ్రిజ్‌లోంచి నీళ్ళు తీసిస్తుంది. అవెక్కణ్ణించి వచ్చాయో నేనెప్పుడూ అడగలేదు.

అప్పుడు గుర్తొచ్చింది బాలి ద్వీపం కథ. చాలా రోజుల క్రితం 'ప్రీస్ట్స్ అండ్ ప్రోగ్రామర్స్' అనే పుస్తకం ఒకటి చదివా. స్టీఫెన్ లాన్సింగ్ అనే మానవశాస్త్రవేత్త రాసింది, 1991లో వచ్చింది. టైటిల్లో ప్రోగ్రామర్లు ఉన్నారు కదా అని మొదలుపెట్టా, వేరే ఉద్దేశం ఏమీ లేదు. తీరా చూస్తే అందులో ఉన్నది సరిగ్గా ఈ రెండు షీట్ల గొడవే. ఆ కథ తెలిసీ నేను 'ఏమీ లేవు' అని రాసానంటే చదివింది ఎంత ఒంటబట్టిందో చూడండి.

బాలి పెద్ద ద్వీపమేమీ కాదు. 5,600 చదరపు కిలోమీటర్ల చిల్లర, మన ఉమ్మడి కృష్ణా జిల్లా కంటే చిన్నది. మధ్యలో అగ్నిపర్వతాలు, వాటి మీంచి సముద్రం దాకా జారే వాలు. నదులు ఆ వాలుని లోతుగా కోసుకుంటూ పోతాయి. అంటే నీళ్ళు ఎక్కడో కింద లోయలో ఉంటాయి, పొలాలు పైన గట్ల మీద ఉంటాయి. అందుకని ఎగువన నదికి చిన్న ఆనకట్ట కట్టి, కొండలోంచి సొరంగం తవ్వి నీళ్ళని మెట్ల పొలాలకి తీసుకెళ్ళాలి. ఈ పని అక్కడి రైతులు వెయ్యేళ్ళ పైనుంచి చేస్తున్నారు. సొరంగాలు తవ్వేవాళ్ళ ప్రస్తావన 9వ శతాబ్దపు శాసనాల్లోనే ఉంది.

ఒక కాలవ కింద సాగు చేసే రైతులంతా కలిసి ఒక సంఘం. దాని పేరు సుబక్. ఒక్కో సుబక్‌లో యాభై మంది నుంచి నాలుగొందల మంది దాకా ఉంటారు. ద్వీపం మొత్తం మీద ఇలాంటివి 1,200 వరకూ ఉన్నాయి. కాలవ చీలేచోట అడ్డంగా ఒక దుంగ వేసి దానికి గాట్లు పెడతారు. గాటు వెడల్పుని బట్టి వాటా. నదిలో నీళ్ళెక్కువున్నా తక్కువున్నా వాటా నిష్పత్తి మారదు. మీటరు అక్కర్లేదు, ఆపరేటరు అక్కర్లేదు. ఎవడైనా మోసం చేస్తే పక్కవాడికి కంటికి కనబడుతుంది.

ఇంతవరకూ డచ్చివాళ్ళకి కూడా తెలుసు. వాళ్ళు ఉత్తర బాలిని 1849లో, దక్షిణాన్ని 1906-08 మధ్య దారుణమైన రక్తపాతంతో పట్టుకున్నారు. లీఫ్రింక్ అనే డచ్చి అధికారి 1880లలోనే సుబక్‌ల గురించి వివరంగా రాసాడు. తరవాత క్లిఫర్డ్ గీర్ట్జ్ లాంటి పెద్ద పండితులూ రాసారు. కాబట్టి విదేశీ నిపుణులకి సుబక్ అంటే తెలీక పొరపాటు చేసారు అనుకోవడం తప్పు. చాలామంది ఈ కథని అలా చెప్పేస్తుంటారు, నేను కూడా మొదట్లో అలాగే చెప్పేవాణ్ణి. వాళ్ళ లిస్టులో సుబక్ ఉంది. లేనిది సుబక్ పైన ఉన్న అంతస్తు.

ఆ అంతస్తు గుళ్ళు. ప్రతి ఆనకట్ట దగ్గరా ఒక చిన్న గుడి. దాని కింద నీళ్ళు తాగే పొలాలవాళ్ళే ఆ గుడికి భక్తులు. కొన్ని సుబక్‌లు కలిస్తే వాటికి ఇంకాస్త పెద్ద గుడి. అన్నిటికీ పైన, బతూర్ అగ్నిపర్వతం మీద సరస్సు ఉన్నచోట, ఉలున్ దాను గుడి. అక్కడి దేవత పేరు దేవి దాను. ఆ సరస్సే ద్వీపంలోని నీళ్ళన్నిటికీ మూలమని వాళ్ళ నమ్మకం. (1926లో అగ్నిపర్వతం బద్దలై పాత గుడిని, ఊరిని లావా ముంచేస్తే పైనున్న గట్టు మీదకి మార్చి మళ్ళీ కట్టుకున్నారు. అంత పట్టుదల ఎందుకో మున్ముందు అర్థమౌతుంది.) అక్కడి ప్రధాన పూజారిని జెరో గ్డే అంటారు. చిన్నప్పుడే ఎంపికై జీవితాంతం ఆ పదవిలో ఉంటాడు.

పైకి చూస్తే పూజలు, నైవేద్యాలు, తీర్థం. కానీ భక్తులు గుడికి వచ్చినప్పుడు కూర్చుని ఏం మాట్లాడుకుంటారంటే, ఈసారి నాట్లు ఎవరు ఎప్పుడు వెయ్యాలి, ఎవరు బీడు పెట్టాలి అని. అంటే గుడి భక్తుల జాబితా, నీటి వాటాదార్ల జాబితా ఒక్కటే అన్నమాట. పంచాంగమే ప్రాజెక్టు ప్లాను. వాళ్ళ పంచాంగానికి 210 రోజులు.

ఇదంతా ఎందుకు? ఇక్కడ లెక్క కొంచెం సూక్ష్మం. ఒక లోయలో రైతులందరూ ఒకేసారి నాటితే ఒకేసారి కోస్తారు. అప్పుడు కొన్ని వారాలు ఆ ప్రాంతమంతా పచ్చమొక్క ఉండదు. దోమ, ఎలకలు తిండి లేక చచ్చిపోతాయి. మందు కొట్టకుండానే తెగుళ్ళు అదుపులో ఉంటాయి. కానీ అందరూ ఒకేసారి నాటితే అందరికీ ఒకేసారి నీళ్ళు కావాలి, నదిలో అన్ని నీళ్ళు ఉండవు. పోనీ నీళ్ళు సర్దుకోవడానికి ఎవడికి తోచినప్పుడు వాడు నాటితే, దోమకి పన్నెండు నెలలూ పక్క పొలంలో విందే. ఒకటి బాగుచేస్తే ఇంకోటి పాడవుతుంది. మధ్యలో ఎక్కడో ఒక పరిమాణం ఉంది. ఇన్ని సుబక్‌లు కలిసి ఒకేసారి నాటితే నీళ్ళు సరిపోతాయి, తెగుళ్ళూ తగ్గుతాయి అని. ఆ పరిమాణం ఎంతో ఏ ఒక్క సుబక్‌కీ విడిగా తెలీదు. గుళ్ళలో మీటింగుల ద్వారా అది తేలుతుంది.

ఎగువవాడు దిగువవాడికి నీళ్ళెందుకు వదలాలి అని మన కాలవల మీద కొట్లాటలు చూసినవాళ్ళకి అనుమానం రావాలి. వదలకపోతే దిగువవాడు వేరే టైముకి నాటతాడు, వాడి పొలంలో పెరిగిన దోమ ఎగువకి వస్తుంది. దిగువవాడి చేతిలో ఉన్న బలం అదీ. మన షీట్లో 'బలం' కాలమ్‌లో ఇలాంటిది రాయాలంటే ఎవరికి తడుతుంది?

ఇక రెండో షీటు సంగతి, అంటే అప్పటికే నడుస్తున్న పథకాలు.

1970లలో ఇండొనీసియా ప్రపంచంలోనే పెద్ద బియ్యం దిగుమతిదార్లలో ఒకటి. సుహార్తో ప్రభుత్వానికి బియ్యం అంటే కడుపుకే కాదు, కుర్చీకి కూడా సంబంధించిన విషయం. అందుకని బిమాస్ అనే కార్యక్రమం పెట్టారు. కొత్త వరి విత్తనం, ఎరువు, పురుగుమందు, వీటన్నిటికీ కలిపి అప్పు, ఒకే ప్యాకేజీగా. మన దగ్గర అదే కాలంలో ఐఆర్-8 వచ్చినప్పటి హడావుడి పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు. కొత్త వరి త్వరగా పండుతుంది కాబట్టి పాత పంచాంగాలు వదిలేసి వీలైనన్ని సార్లు నాటండి అని రైతులకి చెప్పారు. 1977 నాటికి దక్షిణ బాలిలో పది మళ్ళలో ఏడు కొత్త వరే.

మొదట దిగుబడి పెరిగింది, అది నిజం. తరవాత సుడిదోమ వచ్చింది. దోమని తట్టుకునే ఐఆర్-36 ఇచ్చారు. దానికి టుంగ్రో వైరస్ వచ్చింది. టుంగ్రోని తట్టుకునేది ఇంకోటి ఇచ్చారు, దానికి మచ్చతెగులు. ప్రొడక్షన్లో బగ్ వస్తే ప్యాచ్, ఆ ప్యాచ్‌లో బగ్‌కి మళ్ళీ ప్యాచ్ వేసినట్టు. వీటన్నిటి మీదా పురుగుమందు. పొలంలో చేపలు, ఈల్స్ ఉండేవి, అవీ పోయాయి. ఏ తెగులుకి ఆ విత్తనం అని వెతికారు గానీ, అంతకుముందు ఈ తెగుళ్ళు ఎందుకు అదుపులో ఉండేవి అని వ్యవసాయ శాఖ అడగలేదు. ఎందుకంటే దానికి జవాబు వ్యవసాయ శాఖలో లేదు. గుడిలో ఉంది. గుడి మతానికి సంబంధించిన విషయం.

సరిగ్గా ఈ పరిస్థితి మీద 1979లో ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) అప్పుతో బాలి ఇరిగేషన్ ప్రాజెక్టు మొదలైంది. పాత ఆనకట్టల్ని కాంక్రీటుతో బాగుచెయ్యడం, గేట్లు పెట్టడం, నీళ్ళు కొలిచి వదలడం. మంచి పనులే. కానీ అప్పు తీరాలంటే లాభం చూపించాలి. ఆ లాభం ఏడాదికి ఇంకో పంట ఎక్కువ పండించడంలోంచి వస్తుందని లెక్క వేసారు. అంటే ఏ 'ఎప్పుడు పడితే అప్పుడు నాటడం' వల్ల మొదటి పథకం చతికిలబడుతోందో, దాని మీదే రెండో పథకం లెక్కలు నిలబెట్టారు. విత్తనం వ్యవసాయ శాఖది, కాలవ పబ్లిక్ వర్క్స్ వాళ్ళది, శిస్తు రెవెన్యూ వాళ్ళది. ఒక్కొక్కరి రికార్డు ఒక్కొక్కరి దగ్గర సరిగ్గానే ఉంది. దోమ మాత్రం శాఖల హద్దులు చూసుకుని ఎగరదు కదా.

రైతులు గొడవ చేసారు. పాత నాట్ల క్రమానికి తిరిగి వెళ్ళనివ్వండి, గుళ్ళ మాట వినండి అని. అధికారులు దీన్ని ఛాందసం కింద జమకట్టారు. ఈ రైతులకి కావలసింది పూజారి కాదు, హైడ్రాలజిస్టు అన్న ధోరణిలో ఒక ఇంజనీరు విసుక్కున్నాడని లాన్సింగ్ రాసాడు. ఆ ఇంజనీరుని విలన్‌ని చెయ్యబుద్ధి కావడం లేదు నాకు. దేశం కాని దేశంలో, గడువు ముంచుకొస్తుంటే, తను చదివిన చదువులో లేని విషయం ఎవరో చెప్తుంటే నేనైనా అలాగే విసుక్కునేవాణ్ణి. నిజానికి విసుక్కున్నా కూడా.

ఆ ముచ్చట చెప్తాను. ఒక క్లయింటుకి పాత సిస్టమ్ తీసి కొత్తది పెడుతున్నాం. రిక్వైర్‌మెంట్ల డాక్యుమెంటులో ఒక వరస: 'రాత్రి రిపోర్టు ప్రింటు'. ఈ రోజుల్లో ప్రింటేంటి, తెరమీద చూసుకుంటారు అని నేనే దాన్ని 'అనవసరం' లో పడేసా. అక్కడొక పెద్దావిడ, రిటైరవ్వడానికి దగ్గర్లో ఉంది, ప్రింటు కావాలని రెండుసార్లు మెయిలిచ్చింది. మార్పంటే భయం అనుకున్నాం. మూడో నెలలో డబ్బులు రెండుసార్లు చెల్లింపయిన కేసులు బయటపడ్డాయి. ఆవిడ పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ కాగితం మీద పెన్సిలుతో గీతలు పెట్టి, అనుమానమొచ్చిన శాఖకి ఫోన్ చేసేదిట. పన్నెండేళ్ళ నుంచి. ఆ చెకింగు ఏ డాక్యుమెంటులోనూ లేదు, ఎందుకంటే అది ఎవరి ఉద్యోగమూ కాదు. మాకు కనబడింది ప్రింటరు ఒక్కటే.

సరే, బాలికి వద్దాం. లాన్సింగ్ చేసిన తెలివైన పని ఏంటంటే, గుళ్ళు గొప్పవి అని వాదించకుండా, ఇంజనీర్లకి అర్థమయ్యే భాషలో లెక్క చూపించడం. జేమ్స్ క్రెమర్ అనే పర్యావరణ శాస్త్రవేత్తతో కలిసి 1980ల చివర్లో ఒక కంప్యూటర్ మోడల్ రాసాడు. ఊస్, పెటాను అనే రెండు నదుల మధ్య ఉన్న 172 సుబక్‌లు అందులో ఉన్నాయి. వాన, నది ప్రవాహం, పంట పెరుగుదల, తెగులు వ్యాప్తి ఇన్‌పుట్లు. ఎవడిష్టం వాడిదైతే తెగులు తినేసింది. అందరూ ఒకేసారైతే నీళ్ళు చాలలేదు. గుళ్ళు నిర్ణయించే గుంపుల పరిమాణం దగ్గర దిగుబడి బాగా వచ్చింది.

అక్కడితో ఆగితే పాతది బంగారం అనే కథ అయ్యేది. తరవాతి ప్రయోగం నాకు ఇంకా నచ్చింది. ఈసారి మోడల్లో గుళ్ళే లేవు. ప్రతి సుబక్‌కీ ఒకటే రూలు. ఏడాది చివర చుట్టుపక్కల వాళ్ళని చూడు, నీకంటే ఎక్కువ పండినవాడి నాట్ల క్రమం కాపీ కొట్టు. అంతే. యాదృచ్ఛికంగా మొదలుపెట్టి నడిపిస్తే, పదేళ్ళు తిరిగేసరికి గుళ్ళ గుంపులని పోలిన గుంపులు వాటంతటవే ఏర్పడ్డాయి. దీన్ని 1993లో ఒక మానవశాస్త్ర పత్రికలో ప్రచురించారు. ఏ రాజూ, ఏ ఆర్కిటెక్టూ పైనుంచి డిజైన్ చెయ్యకుండా కూడా ఇలాంటి వ్యవస్థ పుట్టగలదని అర్థం. జెరో గ్డే ముందు మెకింటాష్ పెట్టి ఈ మోడల్ చూపించారు కూడా. దాని మీద 1988లో 'ద గాడెస్ అండ్ ద కంప్యూటర్' అని డాక్యుమెంటరీ వచ్చింది. తీరిక ఉంటే చూడండి.

ఏడీబీ కూడా 1988లో తన సొంత సమీక్షలో, పాత పద్ధతి విలువ గుర్తించకపోవడం వల్ల చాలా మూల్యం చెల్లించాల్సొచ్చిందని ఒప్పుకుంది. బ్యాంకులు ఇంత మాట రాయడం అరుదు. అంతకుముందే 1986లో సుహార్తో ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల్ని నిషేధించింది. అది బాలి ఒక్కదాని వల్ల కాదు, దేశమంతా సుడిదోమ చేసిన నష్టం వల్ల. 2012లో యునెస్కో ఈ సుబక్‌లని, నీటి గుళ్ళతో సహా, ప్రపంచ వారసత్వంలో చేర్చింది. ఇప్పుడు అక్కడ నీళ్ళకి పోటీ హోటళ్ళతో, అది వేరే కథ.

అయితే లాన్సింగ్ గీసిన మ్యాపు పూర్తిదా అంటే, దానిమీదా పేచీ ఉంది. 1999లో స్టెఫాన్ హెల్మ్‌రైక్, ఈ మోడల్ చరిత్రని, రాజకీయాన్ని తీసేసి సుబక్‌లని ప్రకృతిలో భాగంలా చూపిస్తోందని విమర్శించాడు. 2003లో బ్రిగిట్టా హౌజర్-షాయ్‌బ్లిన్ అనే ఆవిడ, గుళ్ళ వ్యవస్థలో రాజుల పాత్రని లాన్సింగ్ తక్కువ చేసి చూపాడని వాదించింది. లాన్సింగ్ జవాబిచ్చాడు, వాదన తెగలేదు. నాకు రాజుల పాత్ర ఎంతో కొంత ఉండే ఉంటుందనిపిస్తుంది. ఇంజనీర్ల లిస్టులో పూజారి లేడు. పూజారిని చేర్చినాయన లిస్టులో రాజు చిక్కిపోయాడు.

ఇంతకీ నాకొచ్చిన ఆ ఎక్సెల్ షీటుకీ ఒక చరిత్ర ఉంది. స్టేక్‌హోల్డర్ అనే మాట ఇప్పటి అర్థంలో 1963లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ కాగితంలో వచ్చింది, కంపెనీల మేనేజిమెంటు కోసం. 1984లో ఫ్రీమన్ పుస్తకంతో పాకింది. అభివృద్ధి ప్రాజెక్టుల వాళ్ళకి 1969 నుంచీ లాగ్‌ఫ్రేమ్ అనే పట్టిక ఉంది. అమెరికా సహాయ సంస్థ యుఎస్ఎయిడ్ కోసం తయారైంది. అందులో లక్ష్యం, ఫలితం, కొలమానం ఉంటాయి, మనుషులకి కాలమ్ లేదు. 1983లో జర్మన్లు తమ పద్ధతిలో, ముందు ఎవరెవరున్నారో చూడాలి అనే మెట్టు చేర్చారు. 1995లో బ్రిటిష్ వాళ్ళ సహాయ శాఖ స్టేక్‌హోల్డర్ల విశ్లేషణ మీద మార్గదర్శక పత్రం తెచ్చింది. మా అక్కగారు పంపిన షీటు వీటి మనవరాలే. అంటే బాలి లాంటి ఎదురుదెబ్బలు తిన్న కాలంలోనే ఈ పట్టికలూ పుట్టాయి. కానీ పట్టిక వచ్చినా, నింపేవాడికి ఎవరు తెలుసో వాళ్ళే అందులోకి వస్తారు. బాలి కన్సల్టెంట్ల చేతికి 1979లో ఈ షీటు ఇచ్చినా 'మత సంస్థలు: ప్రభావం తక్కువ' అని రాసేవాళ్ళని నా అనుమానం.

బాలి దాకా వెళ్ళక్కర్లేదు, కర్నూలు చాలు. రాబర్ట్ వేడ్ అనే ఆయన 1970ల చివర్లో కర్నూలు జిల్లా కాలవ గ్రామాల్లో తిరిగి, 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' అని పుస్తకం వేసాడు. ఆయన చూసిన కొన్ని ఊళ్ళలో చట్టప్రకారం ఉన్న పంచాయతీ నిద్రపోతుంటే, ఏ చట్టంలోనూ లేని ఊరి పెద్దల సభ ఒకటి గట్టిగా పని చేస్తోంది. దానికి సొంత నిధి ఉంది. కోతలయ్యాక ఊరి పొలాల్లో మేపుకునే హక్కు గొర్రెలవాళ్ళకి అమ్మితే వచ్చే డబ్బు, సారా వేలం డబ్బు. ఆ నిధితో పొలాల కాపలాదార్లని, అందరి మళ్ళకీ నీళ్ళు కట్టేవాళ్ళని పెట్టుకున్నారు. కాలవ అధికారుల చెయ్యి తడపడానికి కూడా అదే నిధి! ఇవి అన్ని ఊళ్ళలో లేవు. కాలవ చివర, నీళ్ళు అందుతాయో లేదో అన్న ఊళ్ళలోనే ఎక్కువ. ఎగువన నీళ్ళు పుష్కలంగా ఉన్నచోట ఎవరికీ ఎవరితోనూ అవసరం లేదు.

తరవాత 1997లో ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల రైతుల నిర్వహణ చట్టం వచ్చింది. ఆ జూన్‌లో ఒక్క ఊపులో పదివేలకి పైగా నీటి వినియోగదార్ల సంఘాలకి ఎన్నికలు జరిపారు, ప్రపంచ బ్యాంకు మద్దతుతో. దేశమంతా మెచ్చుకుంది. రైతులకి కాలవలు అప్పజెప్పడం మంచి ఆలోచనే, కాదనను. కానీ ఆ సంఘాల్లో చాలావాటి ధ్యాస నీళ్ళ పంపకం మీద కంటే కాలవ మరమ్మత్తు పనుల కాంట్రాక్టుల మీద ఉందన్న విమర్శ గట్టిగా వచ్చింది. నా సందేహం ఒకటే. వేడ్ చూసిన ఊళ్ళలో అప్పటికే నీళ్ళు పంచుతున్న సభ ఉన్నప్పుడు, కొత్త సంఘం పెట్టేముందు ఎవరైనా ఆ సభని లెక్కలోకి తీసుకున్నారా? రాష్ట్రమంతా ఒకే నమూనా పెట్టినప్పుడు 'ఇక్కడ ముందే ఏముంది' అని అడగడానికి ఫారంలో గడి ఉండదు. తెలంగాణలో చెరువుల కింద నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంత అన్నది ఆయన చేతిలో పని. రైతులు పంట మీద గింజలు ఇచ్చేవాళ్ళు. జీతం పట్టీలో లేనివాడు ఏ ఆఫీసు రికార్డులో దొరుకుతాడు?

బాబాయి నవ్విన వారానికి ఊరికి వెళ్ళా. ఈసారి పండగ కాదు, పనే. మూడు ప్లాంట్లూ చూసా. బడి దగ్గరిది ఎవరో దాత ఇచ్చింది, ప్రారంభోత్సవం శిలాఫలకం మెరుస్తోంది, లోపల బల్లులు. పంచాయతీది కరెంటు బిల్లు దగ్గర ఆగిపోయింది. మూడోది ఒకాయన సొంతంగా నడుపుతున్నాడు, క్యాను పది రూపాయలు. మేం ఉచితంగా ఇచ్చే ప్లాంటు పెడితే మొదట మూతబడేది ఆయనదే. ఏడాదిలో మాదీ మూతబడితే? ఊళ్ళో అప్పుడు నాలుగు మూతబడ్డ ప్లాంట్లు, మళ్ళీ బోరు నీళ్ళు. మొదటి షీట్లో నేను రాసిన పద్నాలుగు వరసల్లో ఈయన లేడు.

ఆయనతో అరుగు మీద కూర్చుని రెండు గంటలు మాట్లాడా. మొదట అనుమానంగా చూసాడు, బాబాయి ఉన్నాడు కాబట్టి సరిపోయింది. పక్కన మోటారు వేసే ఆయన కూడా కలిసాడు. మిషను ఎందుకు ఆగిపోతుంది అని అడిగితే ఇద్దరూ ఒకే మాట చెప్పారు. లోపలుండే ఫిల్టరు పొర పాడైతే మార్చడం ఊళ్ళో ఎవరికీ రాదు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఒక్క కుర్రాడే వస్తాడు, మండల కేంద్రంలో ఉంటాడు, స్కూటీ మీద సామాను పెట్టుకుని తిరుగుతాడు. అతను రాని వారం మిషను ఆగుతుంది. బడి ప్లాంటుకి అతన్ని పిలిచే బాధ్యత ఎవరిదో తేలక అది అలా పడి ఉంది. పంచాయతీది బిల్లు కట్టినా అతను వచ్చి చూడందే నడవదుట.

"ఉచితంగా ఇస్తే ఎవరూ ఆణ్ణి పిలవరు సార్, డబ్బులు తీసుకుంటే నేను పిలవాల్సిందే" అన్నాడు క్యాన్లాయన. నన్ను సార్ అనొద్దన్నా వినలేదు. మీరు డబ్బులు పెట్టేదేదో ఆ బడిదాన్ని బాగు చేయించడానికి పెట్టండి, పిల్లలకి మాత్రం ఉచితంగా ఇవ్వండి, ఊరికి నేను అమ్ముకుంటా అని కూడా అన్నాడు. ఆయన స్వార్థం ఆయనకుంది, దాచుకోలేదు కూడా. మా గ్రూపులో సగం మందికి ఈ ప్రతిపాదన నచ్చలేదు. మన పేరుతో బోర్డు ఉండదు కదా అని ఒకడు నిర్మొహమాటంగా అనేసాడు. ఇంకా తేలలేదు.

షీటు మళ్ళీ మొదట్నించీ నింపుతున్నా. రెండో షీట్లో ఇప్పుడు మూడు వరసలు. మొదటి షీట్లో అన్నిటికంటే పైన స్కూటీ కుర్రాడి నంబరు. నిన్న రెండుసార్లు చేసా, ఎత్తలేదు. ఏదో ఊళ్ళో మిషను ముందు కూర్చుని ఉంటాడు. రేపు పొద్దున్నే ఎనిమిదిలోపు చెయ్యమన్నాడు బాబాయి.